తడి బండల మీద మత్తయ్య

తాండూరు బస్టాండు దగ్గరున్న కాంప్లెక్సులో దుకాణాల షట్టర్లు లేవకముందే సంతోషమ్మ బకెట్ పట్టుకుని వచ్చేది. ముందు ఊడవడం, తర్వాత ఫినాయిల్ నీళ్లు, ఆ తర్వాత తడిగుడ్డ. కిందంతా తాండూరు బండలే. తడిగుడ్డతో తుడిస్తే, ఆరేదాకా ఆ తడిలో ఒకప్పుడు అక్కడ తిరిగిన మనుషులు కనబడేవాళ్లు. అదేమంత వింత కాదు. తమవాళ్లయితే తప్ప ఎవరూ ఆగి చూసేవాళ్లు కూడా కాదు.

బట్టల దుకాణం చంద్రకాంత్ మాత్రం చాయ్ గ్లాసుతో నిలబడేవాడు.

"సంతోషమ్మా, జర గల్లా ముంగట ఇంకోపారి తుడువు. మా నాయిన సగమే కనవడ్డడు."

"మీ నాయిన గల్లా ఇడిశి యాడికి పోతడు సేటూ!" అని నవ్వుతూనే తుడిచేది.

ఆమె తొందరంతా మెట్ల దగ్గరికి పోవడానికే. ఆ బండలు పరిచింది ఆమె పెనిమిటి మత్తయ్య. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చనిపోయాడు, పాపం. ఆ తడిలో భుజాన తువ్వాలతో గుమ్మం నుంచి నడిచొచ్చి, మెట్లెక్కి పోయేవాడు. అంతే, రోజూ అంతే. "ఇగో, నిన్నే! ఒక్కపారి గిటు జూడరాదు" అని ఎంత బతిమాలినా తల తిప్పేవాడు కాదు. తొందరగా ఆరుతుందని ఆమె అక్కడ ఫ్యాన్ కూడా వేయనిచ్చేది కాదు. ఇంకోచోట జీతం ఎక్కువ ఇస్తారని తోటి పనిమనిషి నాగరాణి ఎంత పోరినా కదల్లేదు. ఆ కాస్త తడి కోసమే ఆమె బతుకుతోంది మరి.

ఒకనాడు కాంట్రాక్టర్ ప్రేమ్‌సాగర్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, మన కాంట్రాక్టు పోయింది. హైదరాబాద్ కంపెనీ నాకంటే తక్కువకు ఒప్పుకున్నది. కరోనా వచ్చిపోయినంక అందరికి మిషనే గావాలె, గుమగుమలాడే మందే గావాలె, తుడిశినంక ఫోన్ల ఫోటో గావాలె. దవాఖానలు, షోరూంలు, బ్యాంకులు, అందరిదీ గదే పాట. నాసొంటి చిన్నోడు యాడ నిలుస్తడు?"

"మరి మా గతేంది?"

"మిమ్ముల కంపెనీ తీసుకుంటదట. నాగరాణికి ఈడనే మిషన్ ఇస్తరు. నీకు వికారాబాద్ల కొత్త దవాఖాన, రాత్రి డ్యూటీ. జీతం గూడ మంచిగనే ఉన్నది."

"నాకద్దన్నా. తక్కువిచ్చినా మంచిదే, నన్నీడనే ఉండనియ్యి."

"మిషన్ ఉన్నంక ఇద్దరెందుకంటున్నరక్కా. నా చేతుల ఏమున్నది?"

ఆమె ఎవరి కోసం ఏడుస్తోందో అతనికి తెలుసు. తల దించుకుని వెళ్లిపోయాడు.

మిషన్ దిగనే దిగింది. ముందు నీళ్లు చల్లుతుంది, రుద్దుతుంది, వెనకనుంచి చుక్క మిగలకుండా పీల్చేస్తుంది. నాగరాణి దాన్ని గుమ్మం నుంచి మెట్ల దాకా నడిపింది. బండలు తళతళలాడాయి. వాటిలో మనిషన్నవాడు లేడు. చంద్రకాంత్ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

సంతోషమ్మ పరుగున పోయి మెట్ల దగ్గర చెంబెడు నీళ్లు గుమ్మరించి కొంగుతోనే తుడిచింది. మళ్లీ తుడిచింది. ఎవరూ రాలేదు.

"అయ్యో దేవా, రెండోపారి గూడ పోయిండు!" అని అక్కడే కూలబడి బావురుమంది. కాసేపటికి ఏదో తట్టినట్టు లేచింది.

"నాగరాణీ, గా నీళ్లన్నీ యాడ పోయినయే?"

"ట్యాంకుల ఉన్నయక్కా. మోరీల పారవోసి వస్త."

"నీ పాడుగాను, మోరీల ఎట్ల పోస్తవే? మనుషులున్నరు గద అండ్ల!"

"అవునక్కా! నేను సోంచాయించనే లేదు," అని నాగరాణి నాలుక్కరుచుకుంది. పైపు విప్పి క్యానులోకి పట్టింది. చంద్రకాంత్ కూడా వాళ్ల నాన్న కోసం దుకాణంలోంచి ఖాళీ సీసా పట్టుకొచ్చాడు.

ఇంటికి పోయే ఆటో కరణ్‌కోట దారిలో కుదుపులు కుదుపులుగా పోతుంటే సంతోషమ్మ క్యానును ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. "మెల్లగ పోనియ్యన్నా, మనిషున్నడు" అని దారంతా డ్రైవర్‌ను వేడుకుంటూనే ఉంది. అతను గుంతలు తప్పించి తోలాడు.

ఇంట్లో ఉన్నది గరుకు సిమెంటు నేల. ఊరందరి ఇళ్లల్లో బండలు పరిచిన మత్తయ్యకు తన ఇంట్లో పరచడానికి తీరిక దొరకలేదు. ఆమె తలుపు దగ్గర ఆ మురికి నీళ్లు వంచి, అరచేత్తో మెల్లగా పరిచింది.

మత్తయ్య వచ్చాడు. భుజాన తువ్వాలతో ఎప్పటిలాగే నడుచుకుంటూ గోడ దాకా పోయాడు. ఆ చిన్న ఇంట్లో మెట్లెక్కడివి? ఎటు పోవాలో తెలియక వెనక్కి తిరిగాడు. సంతోషమ్మను చూశాడు. చూసి, పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"గిన్ని దినాలు నా దిక్కు సూడకపోతివి," అంటూ ఆమె ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. నేల ఆరుతోంది. ఆరిపోవడం చూడలేక కళ్లు మూసుకుంది. తెరిచేసరికి నేల పొడిగా ఉంది. మత్తయ్య అక్కడే ఉన్నాడు.

పొద్దు వాలుతుంటే కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"వికారాబాద్ బండి కదులుతున్నది. వస్తున్నవా లేదా సంతోషమ్మా?"

"నేను రాను సార్. పప్పు మిల్లుల పని సూస్కుంట. పొద్దూకేసరికి ఇంట్ల ఉండాలె."

"ఒక్కదానివే ఉంటవంట గద, ఇంట్ల ఎవరున్నరు నీకు?"

"మా ఆయనొచ్చిండు సార్."

"గట్లనా," అన్నాడతను, "మరి ఎట్లొస్తవ్ తియ్యి," అని ఫోన్ పెట్టేశాడు.