సేరు వద్దన్న మాట

మా అన్న తులసీరాం నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా మాటతోనే నా నోట్లో మట్టి కొట్టాడు. ఆయన ఇంగ్లీషు అయ్యవారు. నేను నాలుగో తరగతిలో బడి మానేసి సేద్యంలో పడినవాణ్ణి.

తొంభై ఏడులో నాయన పోయాక, కాణిపాకం దగ్గర మా పల్లెలో పంపకాలకు పెద్దమనుషులు కూర్చున్నారు. నేను మడిలో నుంచి బురదకాళ్ళతో వచ్చాను. వదిన భారతమ్మ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చింది.

"నాకు సేరు వద్దు వదినా. ఈడనే కింద కూసుంటా," అన్నాను.

అన్న కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. ఆయన వంగి నా చెవిలో అన్నాడు: "సేరు కాదురా, చెయిర్. తెల్లోళ్ళు దేశమిడిసి పోయింది నీ ఇంగ్లీషు వినే."

నేనూ నవ్వాను.

ఆ రోజు పంపకం తెగలేదు. తర్వాత అన్న మొత్తం భూమికి తన పేరుతోనే పాసుపుస్తకం చేయించుకున్నాడు. నా భాగం అడిగితే, "షేర్ వద్దని నలుగురిలో నువ్వే అన్నావు గదరా," అన్నాడు. కోర్టుకు పోయాను.

ఏడేళ్ళకు సాక్ష్యాలు మొదలయ్యాయి. పంపకాల రోజు అవతలి చివర కూర్చున్న చెంగల్రాయుడు బోనెక్కాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"చిన్నబ్బ షేర్ వద్దన్నాడా?" అని మా అన్న తరఫు వకీలు నన్ను చూపించి అడిగాడు.

"అన్నాడు సామీ. సేరు వద్దని అన్నాడు. నా సెవులతో ఇన్నాను."

నేను బోనెక్కి, ఆ రోజు వద్దన్నది కూర్చునే సేరునని చెప్పాను. అంతకుముందు మా వకీలు వారం రోజులు ఆ రెండు మాటలూ విడివిడిగా పలకడం నేర్పించాడు. ఆవుకు గడ్డి వేస్తూ పలికితే బాగానే వచ్చాయి.

"ఏదీ, భాగాన్ని ఇంగ్లీషులో ఏమంటావు?" అన్నాడు జడ్జి.

"సేరు."

"కూర్చునేదాన్ని?"

"సేరు," అన్నాను.

గుమాస్తా తలవంచుకుని నవ్వాడు. నేను అన్న వైపు చూశాను. ఆ రోజు చెవిలో నన్ను దిద్దింది ఆయనొక్కడే. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు. వదినను సాక్ష్యానికి పిలిపిస్తే, గుర్తులేదు అంది.

నాకు కోపం రాలేదు. చాలాసేపు ముడుచుకు కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలులాగా ఒళ్ళంతా మొద్దుబారింది.

తీర్పు ఇంగ్లీషులో చదివారు. ఆ మాట అందులో చాలాసార్లు వచ్చింది. ఏ సేరో నాకు తెలియలేదు. పోయింది మాత్రం బావిలో సగంతో కలిపి రెండెకరాల పద్నాలుగు సెంట్లు.