నీటికాకి ఎడమకాలు

నేను ఒక దూది కూరిన నీటికాకిని. ముందుగా మా సంచిముక్కు పెలికాన్ పెదనాన్న సంగతి చెప్పాలి. మేమంతా ఒకే వంశమని పుస్తకాల్లో రాసినందుకు, కాలేజీ ల్యాబులో ఒకే గాజు బీరువాలో నా నెత్తిమీద ముక్కు చాచుకుని ఏళ్లకేళ్లు నిలబడ్డాడు. తీరా పక్షిశాస్త్ర పండితులు "మీకంత దగ్గర చుట్టరికం లేదు, వేరు పడండి" అంటే ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు.

శాస్త్రంలో నా పేరైనా నిలకడగా ఉందా? మొదట ఫలాక్రోకొరాక్స్ అన్నారు. గ్రీకులో బట్టతల కాకి అట. నాకు బట్టతల లేదు, నేను కాకినీ కాను. తర్వాత మైక్రోకార్బో అన్నారు. ఆడపిల్లకైతే పెళ్లి చేసి ఇంటిపేరు మారుస్తారు. నాకు పప్పన్నమైనా పెట్టకుండా మార్చేశారు.

కొల్లేటి దగ్గర చేపలచెరువు వలలో చిక్కి చచ్చిన నన్ను డిగ్రీ కాలేజీ జువాలజీ లెక్చరర్ సర్వారాయుడు గారు తెచ్చుకుని, కళ్లకు గాజుపూసలు పెట్టి, కాళ్లలో తీగ దూర్చి నిలబెట్టారు. కొన్నాళ్లకు ఎలుకలు నా ఎడమకాలు కొరుక్కుపోయాయి. ఆ ఆదివారం వాళ్లింట్లో బాతుకూర. సోమవారానికల్లా ఒక బాతుకాలు నల్లరంగు పూసుకుని నాకు అతుక్కుంది. ఆయన ఎంత మురిసిపోయారో!

ప్రాక్టికల్ పరీక్షలో నన్ను బల్లమీద పెట్టి, పేరూ వర్గీకరణా రాయమన్నారు. భాగ్యకుమారి అనే పిల్ల అన్నీ రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: "కుడికాలు నీటికాకిది, ఎడమకాలు బాతుది." సర్వారాయుడు గారు అక్కడికక్కడే సున్నా చుట్టారు. ఆ సున్నాతో ప్రాక్టికల్ పోతుంది, దాంతోపాటు పిల్లకు ఏడాదీ పోతుంది.

"ఏవమ్మా, వెటకారమా?"

"కాదండి. నీటికాకికి నాలుగు వేళ్లూ కలిపి తోలుంటదని మీరే కదండీ చెప్పారు. ఈ కాలికి ముందు మూడింటికే ఉందండి, ఎనకవేలు విడిగా ఉంది."

"పాతదమ్మా. చిరిగుంటుంది."

ఎగ్జామినర్‌గా వేరే ఊరి నుంచి వచ్చిన విశాలాక్షి మేడమ్ నన్ను తలకిందులుగా ఎత్తి పట్టుకున్నారు. చచ్చాక కూడా మర్యాద దక్కదు.

"ఇదేంటండీ, సర్వారాయుడు గారూ?"

"అంటే... ఈమధ్య వర్గీకరణ మారిపోయిందండి."

"మారినవి పేర్లండి. కాళ్లు కాదు."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఎదురుగా భాగ్యకుమారి పెదవి కొరుక్కుంటూ తన పేపరు వైపే చూస్తోంది. ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు.

"ఆ కాలు మా ఇంటి బాతుదేనమ్మా. నీ సున్నా కొట్టేసి మార్కులేస్తున్నాను," అన్నారు. గదంతా వినబడేలా, ఇంకాస్త గొంతు పెంచి, "తప్పు నాది."