ఎంగిలి వేలు

ఆకుల్లోంచి తీసిన ఎంజైములు మరిగిస్తే చచ్చి ఊరుకుంటాయి. పెద్దాయన కనిపెట్టింది మాత్రం చావలేదు. పరిశోధనశాల గోడవారన ఎవరూ పట్టించుకోని కంచెమొక్క ఆకురసం అది. ఎంత మరిగించినా గంజిని కరిగించేస్తుంది. నూలుకి పట్టిన గంజిని వేడినీళ్లలో వదిలించడం బట్టల మిల్లులకు ఎప్పుడూ తలనొప్పే కాబట్టి, ఆ ఒక్క ఆకుతో ఆయన పేరు మోగిపోయింది. ఆయనా తక్కువ తినలేదు, పోయిన చోటల్లా అదే కథ చెప్పాడు.

ఒక్కటే చిక్కు. ఆయన చేస్తే వచ్చే ఫలితం ఆయన శిష్యురాలు చేస్తే రావడం లేదు. పొడుగ్గా ఉంటుందని ల్యాబులో అందరూ ఆమెను జిరాఫీ అంటారు. "నీకు పనితనం లేదమ్మా" అని నలుగురిలో అని అని, ఆయన నోరు నొప్పెట్టి, చివరికి ఆమెను తీసెయ్యమని కమిటీకి రాసేశాడు. ఇవాళ మధ్యాహ్నం కమిటీ ముందు ఆయన చేసి చూపిస్తాడు. ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

ఆ రోజు పొద్దున ఇంట్లో ఆయన పేపరు తిరగేస్తుంటే భార్య విసుక్కుంది.

"ఏమండీ, ఆ పేపరు మేమూ ముట్టుకోవాలి. పేజీ పేజీకీ ఎంగిలి చేస్తే ఎలా?"

"ఈ వయసులో అలవాట్లు ఎక్కడ మారతాయే?" అని ఆయన ఇంకోసారి వేలు తడుపుకున్నాడు.

మధ్యాహ్నం కమిటీ తరఫున డైరెక్టరూ, మరో ఇద్దరూ వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. పెద్దాయన చొక్కా చేతులు మడిచాడు. రసం కళపెళా మరిగించి చల్లార్చాడు. ఒకదానికొకటి అతుక్కున్న కాగితపు బిళ్లల్లోంచి ఒకటి తీసి, గంజి గడ్డకట్టిన ప్లేటు మీద పెట్టి, దాని మీద రసం చుక్క వేశాడు.

"సార్, పోల్చి చూడటానికి పెట్టే నీళ్ల బిళ్ల కూడా మీరే పెట్టండి" అంది జిరాఫీ మెల్లగా. "రోజూ నేనే పెడుతున్నాను కదా."

"నీళ్లు ఏం కరిగిస్తాయమ్మా?" అని నవ్వి, అదీ పెట్టాడు.

అందరూ టీ తాగి వచ్చాక ప్లేటు మీద అయోడిన్ పోశారు. గంజి ఉన్నంత మేరా నల్లటి నీలం తిరిగింది. రసం బిళ్ల చుట్టూ తెల్లగా మిగిలింది. నీళ్ల బిళ్ల చుట్టూ కూడా అంతే తెల్లగా మిగిలింది.

"ఇదేంటండీ, నీళ్లు కూడా గంజి తినేస్తున్నాయి?" అన్నాడు డైరెక్టరు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈ ప్లేట్లలో గంజి పోసిందెవరు?" పెద్దాయన గద్దించాడు.

"నేనే సార్."

"చూశారా!" అంటూ ఆయన ఇంకో బిళ్ల కోసం చెయ్యి చాపబోయాడు. అతుక్కున్న బిళ్లను విడదీయడానికి వేలు ముందు నాలుకకు తగిలింది.

అక్కడే ఆగిపోయాడు. పొద్దున భార్య అన్న మాట మళ్లీ చెవిలో పడింది. ఉమ్మి గంజిని కరిగిస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. రసాన్ని మరిగించాడు. వేలిని మరిగించలేదు.

తల కొట్టేసినట్టయింది. కమిటీవాళ్లు ఇంకా ఆ పిల్లనే చూస్తున్నారు. ప్లేట్లు పాడయ్యాయంటే నమ్మేట్టున్నారు. అలాగే అనేద్దామని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది కూడా. తెలియక చేసిన పొరపాటుకన్నా ఆ ఆలోచనకే ఆయన ఎక్కువ సిగ్గుపడ్డాడు.

"ప్లేట్లు బాగానే ఉన్నాయి" అన్నాడు చివరికి. "ఆకులో ఏమీ లేదండీ. అది నా ఎంగిలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

అందరూ వెళ్లాక తన గదిలో ఆమెను అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉంది సార్."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను సార్. గ్లవ్స్ వేసుకోండని రెండుసార్లు అన్నాను. 'నాకు శుభ్రం నేర్పుతావా' అన్నారు."

అన్నాడు. ఆ మాట ఇంటికెళ్లి జోకులా చెప్పి భార్యను నవ్వించాడు కూడా. ఇప్పుడు ఆ పిల్ల మొహంలోకి చూడటానికి ఆయనకు మొహం చెల్లలేదు.

"రెండు ఉత్తరాలు రాయాలి. ఒకటి ఈ ఆకు మీద నా వ్యాసం వేసిన సైన్సు పత్రికవాళ్లకి. ఇంకోటి నీ గురించి, కమిటీకి" అన్నాడు బల్ల కేసి చూస్తూ. "ముందు నీది రాస్తాను."

కాగితాల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. కొత్త కట్ట, కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. వేలు దానంతటదే నోటి దగ్గరికి లేచింది. సగంలో ఆపి, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కట్టను ఆమె వైపు తోశాడు.

"నువ్వే తియ్యమ్మా."

ఆమె ఒక కాగితం విడదీసి ఆయన ముందు పెట్టింది.