తోడికోడళ్ళ అడవిదారి

పెద్దకోడలు బేకరీలో పొయ్యి ముందు రోజంతా నిలబడే మనిషి. చిన్నకోడలు కుట్టుమిషను ముందు రోజంతా కూర్చునే మనిషి. ఒకే వంటింట్లో ఉప్పూ నిప్పులా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చిన ఈ ఇద్దరూ అడవిదారిలో నెల్లాళ్ళు నడిచొస్తామంటే ఇంట్లోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "రెండో కొండ దాటకముందే సిగపట్లు పడతారు" అన్నాడు చిన్నకోడలి మొగుడు. ఆ ఒక్క మాటకే ఇద్దరికీ పంతం పుట్టింది.

బయల్దేరింది మొదలు వాన వదల్లేదు. గుడారం ఆరలేదు, మేజోళ్ళు ఆరలేదు. పొద్దున్నే తడి బూట్లలో కాళ్ళు దూర్చాలంటే పెద్దకోడలికి ప్రాణం మీదికొచ్చేది. అయినా ముందు నడుస్తున్న చిన్నది కిక్కురుమనకుండా పోతుంటే తానెలా నోరు విప్పుతుంది? పళ్ళబిగువున నడిచింది.

వాగు దాటుతుంటే చిన్నకోడలు నాచురాయి మీద జారింది. మోకాలిలోతు నీళ్ళే గానీ వడి ఎక్కువ. పెద్దకోడలు ఆమె వీపుసంచి పట్టీని ఒడిసి పట్టుకుంది. పడుతూ లేస్తూ ఇద్దరూ ఒడ్డెక్కారు. ఎక్కగానే పెద్దకోడలు చతికిలబడింది. ఇక లేవలేకపోయింది.

"బూటు విప్పక్కా."

మడమ మీద తోలు లేచిపోయి పచ్చిపుండు పడింది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి కొండ నుంచే."

"చెప్పొచ్చుగా!"

"నువ్వు గుర్రంలా పోతుంటే నేనేం చెప్పను?"

చిన్నకోడలు చొక్కా మెడ పక్కకు లాగి చూపించింది. పట్టీ ఒరుసుకుని భుజం కమిలిపోయింది. "గుర్రమా, నా మొహమా! వెనక నువ్వు తరుముకొస్తున్నావని ఆగలేదు. నువ్వెప్పుడు చాలంటావా అని చూస్తున్నా."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక అది దగ్గయి ఆగిపోయింది.

"చాలే" అంది.

"చాలక్కా."

రెండు సంచుల్నీ ఒక లావుపాటి కొమ్మకు తగిలించి, చెరో కొసా పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ కిందికి దిగారు. రోడ్డు చేరేసరికి పొద్దు వాలింది. కలప లారీ ఒకటి జాలిపడి ఆగి ఎక్కించుకుంది.

"చివరిదాకా నడిచారామ్మా?" అడిగాడు డ్రైవరు.

"లేదు బాబూ. మా ఇద్దరివల్లా కాలేదు" అంది పెద్దకోడలు.

అనడానికి సిగ్గేస్తుందేమో అనుకుంది. వెయ్యలేదు. పక్కన చిన్నకోడలు అప్పుడే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్దకోడలు ఆమె తడి బూట్లు మెల్లగా లాగి, ఇంజను వేడిగాలి వచ్చేచోట పెట్టి, తానూ కళ్ళు మూసుకుంది.