మ్యూజియం వెనక వంటిల్లు

మా ఊరి మ్యూజియంలో వానదేవుడి మట్టిబొమ్మ ఉంది. కప్పులో చిల్లు సరిగ్గా దాని నెత్తి మీదే. బొమ్మను ఏ మూలకు జరిపితే మరుసటి వానాకాలానికి చిల్లు కూడా ఆ మూలకే చేరేది.

"ఆయన నీళ్లు ఆయనే పిలుచుకుంటుంటే మధ్యలో మనమెవరం?" అని కమిటీ పెద్ద దోన్ అబుందియో చేతులు దులుపుకునేవాడు. అయితే పోయిన వానల్లో, ఎప్పుడో అతికించిన చెవి నాని ఊడి నా చేతిలోకి వచ్చింది. ఇంకో వానాకాలం ఆగితే ముక్కు కూడా వస్తుంది.

నా చేతిలోకే ఎందుకు వచ్చిందంటే, మ్యూజియం తుడిచేది నేను. కొలువు మాత్రం మా ఆయన ఫిదెన్సియోది. మా ఊరు సాన్ లుకాస్‌లో ప్రతి ఇంటి మగవాడూ సభ చెప్పిన కొలువు ఏడాదిపాటు జీతం లేకుండా చేయాలి. కాపలాకో కాలవకో గుడికో, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి. చేసినట్టు ఊరి పుస్తకంలో రాస్తేనే సభలో మాటకు విలువ. ఆ ఏడాది మా ఆయన మ్యూజియం కోశాధికారి. కోశం లేదు, అధికారి ఉన్నాడు.

అప్పుడే నగరంలోని ఒక సంస్థ, మా నేత దుప్పట్ల ప్రదర్శనకు డబ్బిస్తామంది. అందులోంచి కప్పుకు ఒక్క పెసో కూడా పెట్టకూడదట. కానీ దానిపైన, తలుపు తీయడానికీ దీపం వెలగడానికీ అయ్యే పరోక్ష ఖర్చుల కింద ఇంత శాతమని వేరే ఇస్తారట. ఆ సొమ్ము మా ఇష్టం. శాతం తేల్చడానికి యాదిరా అనే లెక్కల అమ్మాయిని పంపారు. బస మా ఇంట్లోనే. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా బస మా ఇంట్లోనే.

యాదిరా మ్యూజియం మధ్యలో నిలబడి మొదలుపెట్టింది.

"కాపలా ఎవరు?"

"క్రిస్పిన్," అన్నాడు అబుందియో.

"జీతం?"

"జీతమేంటమ్మా! ఈ ఏడు వాడి వంతు."

"కరెంటు?"

"గుడి తీగే."

"బిల్లో?"

"గుడిలోని పునీత లూకా గారు కడతారు."

"చీపుర్లు?"

అబుందియో మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. "మా ఇంటివి," అన్నాను.

యాదిరా కలం మూసింది. "అయితే మీ పరోక్ష ఖర్చు సున్నా."

"చూశావా మా పొదుపు!" అని అబుందియో పొంగిపోయాడు.

"పొదుపు కాదు బాబాయ్. సున్నాకి సున్నాయే ఇస్తారు. కప్పు రాదు."

ఆయన ముఖం చూసి ఆ అమ్మాయికే జాలేసినట్టుంది. ఊరికే చేసిన పనికి కూడా, మనిషిని పెట్టుకుంటే ఎంత అయ్యేదో కట్టి చూపొచ్చంది. సభ ఒప్పుకుని ముద్ర వేస్తే చాలంది.

ఆ మాట ఊరంతా పాకడానికి అట్టే సేపు పట్టలేదు. మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో వరస కట్టారు.

"నా కుక్క కూడా మొరుగుతుందమ్మా, దానికి వేరే రాయి," అన్నాడు క్రిస్పిన్.

"మా కోళ్లు లేకపోతే మ్యూజియం నిండా తేళ్లే," అంది పక్కింటి ఎవులాలియా.

"ఇంట్లో పడుకున్నా నా మనసు మ్యూజియం మీదే ఉంటుంది. దానికేమైనా రేటుందా?" అన్నాడు అబుందియో.

సాయంత్రానికి ప్రదర్శన ఖర్చుకు మూడింతలైంది పరోక్ష ఖర్చు. యాదిరా నవ్వుతూ కుక్కనూ కోళ్లనూ మనసునూ కొట్టేసి, మిగతాది సభకు తీసుకెళ్లింది.

సభలో మగవాళ్లు ముందు బెంచీల మీద కూర్చున్నారు. మేం ఆడవాళ్లం వెనక పొయ్యి దగ్గర వాళ్లు తాగే చాక్లెట్ చిలుకుతున్నాం. ముద్ర వేయబోతుండగా, పుస్తకం రాసే ముసలి నికానోర్ చెయ్యెత్తాడు.

"ఒక్క మాట. కూలి కట్టిన పని కొలువు ఎలా అవుతుంది? ధర రాశాక ఈ ఏడాది సేవ కింద నేను రాయను. మళ్లీ చెయ్యాల్సిందే."

ఒక్కసారిగా టోపీలన్నీ ఒళ్లోకి దిగాయి.

"నేనసలు కాపలా కాయలేదు, కుక్కే కాసింది," అన్నాడు క్రిస్పిన్.

"నాకు రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతుంది," అన్నాడు అబుందియో.

మా ఆయన కూడా లేచి, తాను ఏమీ చేయలేదన్నాడు. ఆయన ఒక్కడే నిజం చెప్పాడు.

మళ్లీ సున్నా. యాదిరా కాగితాలు సర్దుకుంటోంది. నాకు ఆ ఊడిన చెవి గుర్తొచ్చింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ముందుకొచ్చాను.

"నికానోర్ తాతా, మ్యూజియం తుడవడం, వచ్చినవాళ్లకు వండిపెట్టడం, దుప్పట్లు ఎండలో వేసి దులపడం, ఇవి నీ పుస్తకంలో ఉన్నాయా?"

"ఎందుకుంటాయే? కొలువు నీ మొగుడిది. అవి ఆడవాళ్ల పనులు."

"ఎప్పుడైనా రాశావా?"

"మా నాన్న కూడా రాయలేదు!"

"అయితే అది కొలువు కాదు. ధర కట్టొచ్చు."

వెనక మా అత్త తొమాసా గొంతు లేచింది. నేను మ్యూజియానికి పోతే తోర్తియా రొట్టెలు మాడుతున్నాయని రోజూ తిట్టేది ఆవిడే. "నా కోడలివే కాదు, నావీ రాయి పిల్లా! ఈ కమిటీలు తాగిన చాక్లెట్‌కి నా రోటిబండ అరిగిపోయింది!"

ఆ వెనకే పొయ్యి దగ్గరి ఆడవాళ్లందరూ మొదలుపెట్టారు. అబుందియో రెండు చేతులూ ఎత్తాడు. "ఆగండమ్మా! అదీ కొలువే అందాం, గొడవ వదులుతుంది."

"అను," అంది అత్త. "అంటే మా పేర్లు పుస్తకంలోకెక్కాలి. బెంచీ జరగండి, కూర్చుంటాం. కప్పు మాత్రం రాదు."

మగవాళ్లు గుసగుసలాడుకున్నారు. కప్పూ కావాలి, బెంచీలూ కావాలి. చివరికి, ఈ ఏడాదికి మాది కొలువు కాదని తేల్చి ముద్ర వేశారు. వచ్చే ఏడాది నుంచి కొలువేనని కూడా అదే ముద్ర కింద రాయించాను. రాసేదాకా ఎవరికీ చాక్లెట్ పోయలేదు.

యాదిరా లెక్క కడితే నూటికి పద్దెనిమిది వచ్చింది. "వంటింటి మీద నడిచే మ్యూజియాన్ని ఇప్పుడే చూడటం," అంది.

పెంకులొచ్చాయి. ఊరంతా ఊరికే చేయి వేసి వానలకు ముందే కప్పు నేసింది. వానదేవుడు తన నీళ్ల చప్పుడు వింటూ పొడిగా నిలబడ్డాడు, ఒంటి చెవితోనే అయినా.

తర్వాతి ఏడాది సభ మ్యూజియం కొలువు నా పేరుతోనే ఇచ్చింది. నేను బల్ల దగ్గర కూర్చుంటే ఫిదెన్సియో చీపురు పట్టాడు.

"ఒసే ఎర్మెలిందా, కొలువు నీది కదా. మరి నా తుడుపు పుస్తకంలో ఏమని రాస్తారు?"

"రాయరు," అన్నాను. "నువ్వు పరోక్ష ఖర్చువి. ఆ మూల కూడా తుడువు."