ఎవరూ వేయని ఉప్పు

నాందేడ్ రైల్వే క్వార్టర్లో నాగేష్ మామ ముందుగదిలో ఓ సముద్రముంది. గాజుతొట్టి, జంట చేపలు, రాళ్ల మీద పగడాలు. కిన్వట్ పక్క పల్లె నుంచి చదువుకోవడానికొచ్చిన నవ్యకు, పగడం రాయీ కాదు, పువ్వూ కాదు, ప్రాణి అని తెలిసిన రోజు అన్నం సంగతే గుర్తు రాలేదు.

ఇప్పుడు వాటిలో పెద్ద పగడం ముడుచుకుపోయింది.

మామ ఉప్పు కొలిచే గొట్టం మీద నీటిచుక్క వేసి కంటికి పెట్టుకున్నాడు. ముప్పై ఐదు దగ్గరుండాల్సిన గీత ముప్పై ఎనిమిదికి ఎక్కింది.

"నెలల సంది సూడకపోతే గిట్లయిందా! ఏందే, ఉప్పునీళ్లు పోసినవా?"

"లే... లేదు మామా."

"మరి ఉప్పుకు రెక్కలొచ్చినయా?"

వంటింట్లోంచి సూర్యకుమారి అత్త అందుకుంది. "పిల్ల మీద పడతవేంది? ఉప్పు పప్పుల ఏస్త గని సముద్రంల ఎవలేస్తరు?"

"ఇగ నాతోని కాదు. పగడాన్ని పూణె దోస్తు తొట్టికిచ్చేస్త. నా చేతుల సచ్చుడు కన్న నయం."

నవ్య పోసింది ఫిల్టర్ నీళ్లే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు కాదు, అందుకని మంచినీళ్లే పోయాలని నేర్పింది మామే. గాజు మీద అత్త అంటించిన బొట్టుబిళ్ల దాకా నింపితే చాలు, పని అయిపోయినట్టే.

మరి ఇంకేం పడుతోంది తొట్టిలో? పగడాల ఎముకల బలానికని మామ రోజూ పోసే రెండు సీసాల మందు. ఒకదాని మీద కాల్షియం క్లోరైడ్, ఇంకోదాని మీద సోడియం బైకార్బనేట్ అని ఉంది. రెండింటిలోనూ ఉప్పు పేరు లేదు. కానీ రెండూ కలిస్తే?

స్టీలు గ్లాసులో చెరో చెంచా కలిపింది. బుడగలొచ్చాయి, నీరు పాలలా విరిగింది, అడుగున సున్నంలాంటి తెల్లటి మడ్డి పేరుకుంది. పైన తేరిన నీటిని పళ్లెంలో పోసి మేడ మీద ఎండలో పెట్టింది. నీరు ఇగిరిపోయాక అంచున మిలమిలలాడే పలుకులు మిగిలాయి.

పళ్లెం పట్టుకొని మామ ముందు నిలబడింది.

"గదేంది?"

"ఉప్పు మామా. మన సీసాలది."

మామ వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాడు. మొహం చిట్లించాడు. "అరె బాప్‌రే!"

"పగడం సున్నం తీసుకుంటది. పల్లీలు తిని పొట్టు ఇడిసినట్టు, ఉప్పు నీళ్లల్లనే ఇడుస్తది. నీళ్లు బిళ్ల దాకనే ఉన్నయి, ఉప్పే పెరుగుకుంట పోయింది."

మామ బకెట్ అందుకున్నాడు. "అయితే సగం తోడిపోసి మంచినీళ్లు నింపుదాం!"

"ఒద్దు!" ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "ఒక్కపారే మారిస్తే అన్నీ సస్తయి. రోజు రెండు చెంబులు తీసి, రెండు చెంబుల మంచినీళ్లు పోద్దాం. సీసాలు మాత్రం ఆపొద్దు."

"అట్లనే డాక్టరమ్మా," అని మామ బకెట్ దించాడు.

గీత మెల్లగా దిగింది. ముప్పై ఆరు దాటి ఇంకాస్త కిందికి వచ్చిన పొద్దున పగడం ఒక అంచున విచ్చుకుంది. అంతలో పూణె దోస్తు ఫోన్, ఎప్పుడు పంపుతావని.

"ఇస్తలేను బై. ఎందుకో గీ పిల్లనే అడుగు," అని మామ ఫోన్ నవ్య చేతిలో పెట్టాడు.

ఆమె అటూ ఇటూ చూసింది. తప్పించుకునే దారి లేదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి అప్పటికే నోటి దాకా వచ్చేసింది.

"కాకా, తుమ్చ్యా ట్యాంకాత్ మీఠ్ కితీ ఆహే?" మీ తొట్టిలో ఉప్పెంత ఉందని మరాఠీలో అడిగింది.

అవతల ఆయన చూసి చాలా రోజులైందన్నాడు.