మడతలో ఎరుపు

తమ్ముడు కృపాకర్ ప్రాణం తీసిన నడుంపట్టీని కత్తెరతో విప్పగానే, మడత లోపల డోర్కాస్‌కు ఎర్రరంగు కనబడింది.

తను వేసిన కుట్టు ఒక్కటీ ఊడలేదు. తెగింది పట్టీయే.

రేవు పక్క వాట్‌గంజ్‌లో ఆమె పనిచేసే కొట్టులో, ఓడల్లో బరువులెత్తి పారేసిన నల్ల నైలాన్ పట్టీలతో కొండలెక్కేవాళ్లకు సంచులు, నడుంపట్టీలు కుడతారు. బొత్తిగా చివికినదానికి, ఇక బరువుకు పనికిరాదన్న గుర్తుగా, రేవులోనే ఎర్రరంగు పూసేస్తారు. అలాంటివి ఏరి అవతల పడెయ్యడం ముసలి సూరన్న పని. మంచివాటిని రెండు పొరలుగా మడిచి, వదులుగా టాకాలు వేసి అతనిస్తే, డోర్కాస్ మిషను మీద కుడుతుంది. మడతలో ఏముందో ఆమెకు కనబడదు.

కృపాకర్ పురూలియా కొండ మీంచి పడి పదకొండు రోజులైంది. అక్క కుట్టే ఊడిందని ఏక్‌బాల్‌పూర్ చర్చిలో గుసగుసలు. ఇవాళ అతని కొండలెక్కే క్లబ్బువాళ్లు తెగిన పట్టీ తెచ్చి ఇచ్చేదాకా ఆమె కూడా అదే నమ్మి కుమిలిపోయింది.

పాత పట్టీలు తెచ్చే గురువులును వెళ్లి నిలదీసింది.

"నన్నంటావేటే? ఎర్రవి కాళ్లు తుడుసుకునే పట్టలకని సెప్పే ఇచ్చినాను. ఏరుకోడం మీ సూరన్న దాదా పని కాదేటి?"

ఆమె తిరిగొచ్చేసరికి కొట్టులో కరెంటు లేదు. సూరన్న చీకట్లోనే మడతలు వేస్తున్నాడు. డోర్కాస్ రెండు పట్టీముక్కలు అతని ముందు పెట్టింది.

"బాబాయ్, ఇందుల ఎర్రది ఏదో సెప్పు."

"లోడ్‌షెడ్డింగ్ కదమ్మీ. ఏటి కనబడతాది?"

ఆమె షట్టరు పైకెత్తింది. మిట్టమధ్యాహ్నపు ఎండ భళ్లున లోపలికొచ్చింది. సూరన్న ముక్కల్ని చూడలేదు, వేళ్లతో తడిమాడు. చాలాసేపు తడిమి ఒకటి తీసిచ్చాడు.

నల్లది.

డోర్కాస్ ఎర్రముక్కను అతని చేతిలో పెట్టింది. సూరన్న దాన్ని కింద పెట్టేశాడు.

"రెండేళ్లయిందమ్మీ, కళ్లకి పొరలొచ్చి. ఎరుపూ నలుపూ ఒక్కనాగే ఉంటాయి. సెబితే పన్లోంచి తీసేస్తారని ఎవుళికీ సెప్పనేదు. సేతి యేళ్లకి తెలుస్తాదనుకున్నాను. ఆ పట్టీ మడతెడతంటే అనుమానమొచ్చింది. నిన్ను పిలుద్దారనుకున్నాను. ఇంతట్లో నువ్వే, 'తమ్ముడిది, బాగా సూడు బాబాయ్' అన్నావు. సూసినానన్నాను. సూణ్ణేదమ్మీ. నీ కుట్టు కాదు. నేనే సంపినాను."